ఐర్లండ్ చార్టులో గేటు లోపలి మనుషుల్నీ చూపించండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఈమధ్య మీ బిజినెస్ పేజీలో ఐర్లండ్ మీద వచ్చిన వ్యాసమూ, దాని పక్కన వేసిన చార్టూ చూశాను. తలసరి జీడీపీలో ప్రపంచంలోనే ముందు వరస, 50 లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశంలో లక్ష కోట్ల యూరోలు దాటిన విదేశీ పెట్టుబడి, పన్ను తక్కువ కాబట్టి కంపెనీలన్నీ అక్కడికే పరుగు తీశాయి అన్నది అందులోని సారాంశం. ఆ అంకెలు అబద్ధమని నేను అనను. కానీ పదేళ్లుగా ఆ పెట్టుబడి గేటు లోపల పని చేస్తున్న మనిషిగా నాకు ఆ చార్టు చూస్తే మనసు స్థిమితంగా లేదు. మన పాఠకులు ఎంతోమంది పిల్లల్ని ఇక్కడ చదువుకు పంపుతున్నారు, ఇలాంటి చార్టులు చూసి అప్పులు చేస్తున్నారు. అందుకే కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను. వీలైతే పూర్తిగా వేయండి.

మాది ఐర్లండ్ దక్షిణాన ఉన్న కార్క్. నగరానికి దిగువన, రేవు ఒడ్డున రింగాస్కిడ్డి అని చిన్న ఊరు ఉంది. ఒక పక్క ఫ్రాన్స్ వెళ్లే ఫెర్రీలు ఆగే రేవు, ఇంకో పక్క వరసగా మందుల కంపెనీల కాంపౌండ్లు, మధ్యలో పెద్ద పెద్ద గాలిమరలు. 1970ల మొదట్లో ఫైజర్ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వయాగ్రాలో వాడే అసలు మందు తయారైంది ఈ ఊళ్లోనే. వాటిలో ఒక కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో నా ఉద్యోగం.

నేను వర్క్ పర్మిట్ మీద ఇక్కడికి వచ్చింది 2015లో. మరుసటి ఏడు జూలైలో ఇక్కడి కేంద్ర గణాంక కార్యాలయం ఒక అంకె ప్రకటించింది. 2015లో ఐర్లండ్ ఆర్థిక వ్యవస్థ 26.3 శాతం పెరిగిందట! మా క్యాంటీన్‌లో ఆ వార్త వస్తుంటే బాయిలర్ల మెయింటెనెన్స్ చూసే ఒకాయన ఫోర్కు పక్కన పెట్టి, "మరి నా జీతం ఎక్కడ పెరిగింది?" అని అడిగాడు. మాట వరసకు అన్నది కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆ బల్ల దగ్గర ఎవరి దగ్గరా జవాబు లేదు. నాకూ తెలియదు. ఆ ఏడాదంతా నేను చూసిన కార్క్‌లో కొత్తగా లేచిన ఫ్యాక్టరీలు లేవు, బస్సులు అవే, వీధులు అవే.

తర్వాత మెల్లగా చదివి అర్థం చేసుకున్నాను. కొన్ని పెద్ద బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లను, సాఫ్ట్‌వేర్ హక్కులను వేరే దేశాల్లోని ఖాతాల నుంచి తమ ఐరిష్ కంపెనీ ఖాతాల్లోకి మార్చుకున్నాయి. విమానాలను అద్దెకు తిప్పే కంపెనీలు తమ విమానాలను ఇక్కడి పుస్తకాల్లో రాసుకున్నాయి. ఇంకెక్కడో కాంట్రాక్టు మీద తయారై, ఇంకెక్కడో అమ్ముడుపోయిన సరుకు కూడా, సొంతదారు ఐరిష్ కంపెనీ కాబట్టి, ఐర్లండ్ ఎగుమతి కింద లెక్కకొచ్చింది. నోబెల్ గ్రహీత పాల్ క్రుగ్మన్ దీన్ని 'లెప్రకాన్ ఎకనామిక్స్' అన్నారు. లెప్రకాన్ అంటే ఇక్కడి జానపద కథల్లో బంగారం దాచుకునే పొట్టి మనిషి. ఆ మాట ఇక్కడివాళ్లకు బాగా నొప్పి కలిగించింది. నొప్పి కలిగినా పని మాత్రం చేశారు. అప్పటి సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ ఫిలిప్ లేన్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ కమిటీ చెప్పిన ప్రకారం 2017 నుంచి 'సవరించిన స్థూల జాతీయ ఆదాయం' అని వేరే లెక్క ప్రకటిస్తున్నారు. పేటెంట్ల తరుగుదల, అద్దె విమానాల తరుగుదల, కేవలం చిరునామా మార్చుకుని వచ్చిన కంపెనీల లాభాలు అందులోంచి తీసేస్తారు. తీసేస్తే మిగిలేది జీడీపీలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఒక దేశం తన గొప్పను తానే సగానికి తగ్గించి అచ్చు వేసుకుంటోంది. అది నాకు చాలా గౌరవంగా అనిపించే విషయం. మనం మాత్రం ఇంకా పాత అంకెనే చార్టులో పెడుతున్నాం.

ఇలా కాగితాల మీద వచ్చే పెట్టుబడికీ, ఫ్యాక్టరీగా నిలబడే పెట్టుబడికీ తేడా ఏమిటో నా పని చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

మా దగ్గర తయారయ్యేవి మాత్రలు కావు, బయోలాజిక్ మందులు. చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న ఎలుకలాంటి జంతువు కణాలను స్టీల్ ట్యాంకుల్లో పెంచుతారు. అవి ఒక ప్రొటీన్‌ని తయారు చేస్తాయి. దాన్ని వడగట్టి శుద్ధి చేస్తే మందు. చలిలో గడ్డకట్టించి దాచిన చిన్న సీసాలోని కణాలను కరిగించిన రోజు నుంచి మందు చేతికొచ్చేదాకా వారాలు పడుతుంది. లోపలికి వెళ్లాలంటే జుట్టుకు టోపీ, ముఖానికి మాస్కు, కళ్లకు గాగుల్స్, రెండు జతల గ్లవ్స్, ఒళ్లంతా కప్పే సూటు. బయటికి వచ్చేటప్పుడు గ్లవ్స్ వేళ్లను ఒక్కొక్కటిగా జెల్లీలాంటి ప్లేటు మీద ఆనిస్తాం. ఆ ప్లేటును కొన్ని రోజులు వెచ్చగా ఉంచి చూస్తాను. ఆవగింజంత మచ్చ ఒక్కటి మొలిచినా సరే, ఆ రోజు ఎవరు, ఏ తలుపు గుండా, ఎన్నింటికి వెళ్లారో అంతా తవ్వి తీయాలి. ఆ విచారణ తేలేదాకా నాకు టెన్షనే. ఆ సీసా చివరికి వెళ్లేది ఒక రోగి నరంలోకి కదా.

ఈ గదిని, ఈ ట్యాంకును, ఈ పద్ధతిని ఐరోపా అధికారులు, అమెరికా అధికారులు వచ్చి చూసి, కాగితం కాగితం తిరగేసి ఆమోదించారు. ఆ ఆమోదం ఈ స్థలానికే. ఇంకో చోటికి మార్చాలంటే అక్కడ మళ్లీ కట్టి, మళ్లీ నిరూపించి, మళ్లీ అనుమతి తెచ్చుకోవాలి. ఏళ్లు పడుతుంది. అందులో పని చేసే మనుషుల్ని తయారు చేసుకోవడం ఇంకో ఎత్తు. అందుకోసమే డబ్లిన్‌లో ప్రభుత్వ డబ్బుతో ఎన్ఐబీఆర్‌టీ అనే శిక్షణ సంస్థను కట్టారు. మందు అమ్మకానికి తయారు చేయరు గానీ, లోపల మొత్తం నిజమైన ఫ్యాక్టరీలాగే ఉంటుంది. అందులో పిల్లలు, కొత్త ఉద్యోగులు చేత్తో పని నేర్చుకుంటారు. పేటెంట్ హక్కు అలా కాదు. ఒక సంతకంతో ఇక్కడికి వచ్చింది, ఇంకో సంతకంతో వెళ్లిపోగలదు. చార్టులో మాత్రం మా ట్యాంకూ, ఆ సంతకమూ పక్కపక్కనే 'విదేశీ పెట్టుబడి' పేరుతో కూర్చుంటాయి.

ఏడాదేడాది వచ్చే విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి (ఎఫ్‌డీఐ) అంకె అయితే మరీ ఎగుడుదిగుడు. కొన్నేళ్లు సున్నా కిందికి కూడా పోతుంది. 2018లో అలాగే పోయింది. ఫ్యాక్టరీలు మూసేశారని దానికి అర్థం కాదు. అమెరికాలోని తల్లి కంపెనీ తన ఐరిష్ కంపెనీలో దాచిన లాభాలను డివిడెండుగా వెనక్కి తీసుకున్నా, పాత అప్పు రాబట్టుకున్నా ఆ ఏడు లెక్క మైనస్ అవుతుంది. ఆ 2018లోనే, విదేశీ కంపెనీలను తీసుకొచ్చే ప్రభుత్వ సంస్థ ఐడీఏ కింద ఉన్న కంపెనీల్లో ఉద్యోగాలు పెరిగాయి. 2023లో జీడీపీ తగ్గింది, పని చేసేవాళ్ల సంఖ్య పెరిగింది. ఇక్కడ బతికేవాళ్లకు ఏది ముఖ్యమో చెప్పనక్కర్లేదు. ఐడీఏ కంపెనీల్లో ఇప్పుడు సుమారు 3 లక్షల మంది ఉన్నారు. దేశంలో ఉద్యోగం చేసే ప్రతి తొమ్మిది మందిలో ఒకరన్నమాట. నా దృష్టిలో చార్టులో మొదట ఉండాల్సిన అంకె ఇదే.

పన్ను తక్కువ కాబట్టే వచ్చారన్న మాట గురించి కూడా చెప్పాలి. మా పక్కింటి పెద్దాయన యువకుడిగా ఉన్నప్పుడు కార్క్‌లోని ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో పని చేశాడు. హెన్రీ ఫోర్డ్ తండ్రి ఈ కౌంటీలో పుట్టినవాడే. ఆ బంధంతోనే ఫోర్డ్ ఇక్కడ 1917లో కంపెనీ పెట్టాడు. పెద్దాయన వాళ్ల నాన్న కూడా అందులోనే చేశాడట. "మా ఇంట్లో ఫోర్డ్ మూతపడుతుందన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదమ్మా" అని ఒక సాయంత్రం కంచె అవతల నిలబడి చెప్పాడు. 1983లో డన్‌లప్ టైర్ల ఫ్యాక్టరీ మూసేశారు. 1984లో ఫోర్డ్ మూసేశారు. ఆ ఏడే రేవు అవతల వెరోల్మే ఓడల యార్డు కూడా పోయింది. ఏడాదిన్నర తిరక్కుండా ఒకే నగరం చుట్టుపక్కల మూడు. ఆయనకప్పుడు 24 ఏళ్లు. ఇంగ్లండ్ వెళ్లి తొమ్మిదేళ్లు భవనాల పనులు చేశాడు. "ఆదివారం రాత్రి ఓడ ఎక్కేవాళ్లలో సగం మంది నాకు తెలిసిన ముఖాలే" అన్నాడు. తిరిగొచ్చాక రింగాస్కిడ్డిలో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్‌గా చేరి, అక్కడే రిటైర్ అయ్యాడు. ఆయన పని చేసిన రోజుల నాటి గుర్తింపు కార్డులు రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఫోర్డ్‌ది అంచులు మాసిపోయింది.

ఆ డబ్బా చూశాక ఈ దేశపు చరిత్ర నాకు ఇంకోలా కనిపించింది. 1930లలో ఐర్లండ్ విదేశీయులు కంపెనీల్లో యజమానులు కాకుండా చట్టాలు చేసింది, సుంకాల గోడలు కట్టుకుంది. ఆ గోడల నీడలోనే కార్ల బిగింపు, టైర్లు నడిచాయి. 1950లలో పని లేక జనం వెళ్లిపోయి, 1961 నాటికి జనాభా 28 లక్షలకు పడిపోయింది. అప్పుడు దిశ మార్చుకున్నారు. 1956లో ఎగుమతి లాభాల మీద పన్ను రాయితీ, 1958లో ఆర్థిక శాఖ కార్యదర్శి టి.కె. విటకర్ నివేదిక, 1959లో షానన్ విమానాశ్రయం పక్కన ఫ్రీ జోన్. 1967 నుంచి హైస్కూలు చదువు ఉచితం. 1973లో ఐరోపా ఉమ్మడి మార్కెట్‌లో చేరడం. ఆ చేరికతోనే పాత గోడలు కూలాయి, ఫోర్డ్ లాంటివి పోయాయి. అదే చేరికతో ఐరోపా అంతటికీ అమ్ముకోవాలనుకున్న అమెరికా కంపెనీలకు ఈ దేశం వాకిలి అయింది. 1980లో ఆపిల్ కార్క్‌కు, 1985లో మైక్రోసాఫ్ట్ డబ్లిన్‌కు వచ్చాయి. 1989లో ఇంటెల్ డబ్లిన్ దగ్గరి లీక్స్‌లిప్‌ను ఎంచుకుంది. అందరూ చెప్పుకునే 12.5 శాతం పన్ను రేటు పూర్తిగా అమల్లోకి వచ్చింది 2003లో మాత్రమే. అప్పటికి పెద్దాయన లాంటివాళ్లు తిరిగొచ్చి పదేళ్లయింది.

పన్నుకు ప్రాధాన్యం లేదని నేను అనడం లేదు. 2010లో దేశం దివాలా అంచున ఉండి ఐరోపా నుంచి, ఐఎంఎఫ్ నుంచి అప్పు తీసుకున్నప్పుడు కూడా ఆ 12.5 శాతాన్ని వదలలేదంటే వీళ్లకు అదెంత ముఖ్యమో తెలుస్తుంది. కానీ 2024 జనవరి నుంచి పెద్ద కంపెనీలకు కనీస పన్ను 15 శాతం అయింది. అయినా మా రోడ్డు మీద పొద్దున ఆరున్నరకు కార్ల వరస అలాగే ఉంది.

నాకు భయం వేసేది వేరే దగ్గర. 2014లో కార్పొరేట్ పన్ను కింద వచ్చింది దాదాపు 460 కోట్ల యూరోలు. 2024లో, ఆపిల్ కేసు డబ్బు పక్కన పెట్టినా, 2,800 కోట్లు. ఆ కేసు సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఐర్లండ్ ఆపిల్‌కు అక్రమంగా పన్ను సాయం చేసిందని ఐరోపా కమిషన్ 2016లో తేల్చింది. వసూలు చేసుకోమన్న 1,300 కోట్ల యూరోలను మాకొద్దని ఐర్లండ్ ప్రభుత్వమే కోర్టుకెక్కింది, చివరికి 2024 సెప్టెంబరు 10న ఓడిపోయి డబ్బు తీసుకోవాల్సి వచ్చింది. అది ఒకసారి వచ్చే డబ్బు. ఏటా వచ్చే పన్నులో సగానికి పైగా కట్టేది పదే పది కంపెనీలు. ఒక ఇంట్లో పది మంది తింటుంటే సంపాదన ఒక్కరిదే అయినట్టు. ఆ ఒక్కరికి జలుబు చేసినా ఇంట్లో అందరికీ నిద్ర ఉండదు. ఈ డబ్బులో కొంత తీసి భవిష్యత్తు నిధిలో వేయడం మొదలుపెట్టారు. మంచి పని. ఇంకా ఎక్కువ వేయాలని నా కోరిక.

నిర్ణయం ఎక్కడో జరగడమంటే ఏమిటో నాకు 2018లో తెలిసింది. అప్పుడు నేను వేరే కంపెనీలో ఉన్నాను. ఒక మంగళవారం మధ్యాహ్నం మా విభాగం అందరినీ క్యాంటీన్‌కి రమ్మన్నారు. మేం చేస్తున్న మందు ఇక చేయబోవడం లేదని ఇరవై నిమిషాల్లో చెప్పేశారు. బ్యాచ్‌లు బాగున్నాయి, తనిఖీలు బాగా జరిగాయి, మా తప్పు ఏమీ లేదు. సముద్రం అవతల ఎవరో తమ మందుల జాబితా సరిచేసుకున్నారు. చెబుతున్న మా ప్లాంట్ మేనేజర్‌కే రెండు రోజుల ముందు తెలిసిందట. ఆయన చేతిలో కాగితం వణకడం నేను ముందు వరసలో కూర్చుని చూశాను. నాకు ఐదు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరికింది, ఎందుకంటే పక్క గేటులోనే ఇంకో కంపెనీ ఉంది. లిమరిక్ నగరంలో 2009లో కంప్యూటర్ల కంపెనీ డెల్ తన తయారీని పోలండ్‌కు మార్చి 1,900 ఉద్యోగాలు తీసేసినప్పుడు అక్కడివాళ్లకు పక్క గేటు లేదు.

2025 మొదటి నెలలు కూడా మరచిపోలేను. అమెరికా సుంకాలు వేస్తుందన్న భయంతో మందుల కంపెనీలు సరుకును ముందే అటు పంపేశాయి. మా లోడింగ్ దగ్గర రాత్రిళ్లు కూడా దీపాలు ఆర్పలేదు. ల్యాబ్‌లో మేం శనివారాలు కూడా వచ్చాం. 2024లో ఇక్కడి నుంచి అమెరికాకు వెళ్లిన సరుకు విలువ 7,260 కోట్ల యూరోలు, అందులో పెద్ద వాటా మందులదే. ఇక ఆ మూడు నెలల్లో ఎగుమతి అంకె ఎలా ఎగిరిందో ఊహించుకోండి. జీడీపీ కూడా దానితో పాటే ఎగిరింది. బయట పేపర్లు 'ఐర్లండ్ దూకుడు' అని రాశాయి. లోపల మేమంతా సుంకం ఎంత పడుతుందో, ఏ లైను ఆగుతుందో అని బిక్కుబిక్కుమంటున్నాం. జూలైలో ఐరోపాకు, అమెరికాకు మధ్య 15 శాతం పరిమితితో ఒప్పందం కుదిరాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

ఇళ్ల సంగతి చెప్పకుండా ఉత్తరం ముగించలేను. చార్టు చూసి వచ్చే పిల్లలకు మొదట తగిలే దెబ్బ ఇదే. మా ల్యాబ్‌లో కిందటేడు చేరిన ఒక తెలుగమ్మాయి ఆరు వారాలు మా ఇంట్లో ఉంది. ఒక అద్దె ఇల్లు చూడ్డానికి నేనూ తోడు వెళ్లాను. వాన. వాకిట్లోంచి వీధి మలుపుదాకా జనం, చేతిలో జీతం స్లిప్పు, పాత యజమాని ఇచ్చిన ఉత్తరం పెట్టుకున్న ఫైళ్లు. ఏజెంటు ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు ఇచ్చాడు. అందులో ఇద్దరు నర్సులు, ఒక బడి టీచరు ఉన్నారు. వాళ్ల జీతం మా ఫార్మా జీతాలతో పోటీ పడలేదు. విదేశీ కంపెనీ తెచ్చిన మంచి జీతం నర్సుకు అద్దె పెంచుతోంది. ఇది తలుచుకుంటే నాకు తప్పు చేసినట్టే ఉంటుంది. కరెంటుదీ అదే కథ. 2023లో దేశంలో వాడిన కరెంటులో 21 శాతం డేటా సెంటర్లకే పోయింది, పట్టణాల్లోని ఇళ్లన్నీ కలిపి వాడిన దానికంటే ఎక్కువ.

ఇదంతా ఐర్లండ్ మీద ఫిర్యాదు అనుకోవద్దు. ఈ దేశం నాకు పని ఇచ్చింది, నా ఇద్దరు పిల్లలకు మంచి బడి ఇచ్చింది. అందుకే దాని గురించి సరిగ్గా రాయాలని అడుగుతున్నాను. మీరు మళ్లీ ఐర్లండ్ చార్టు వేసేటప్పుడు దయచేసి జీడీపీ పక్కన సవరించిన జాతీయ ఆదాయం అంకె కూడా వేయండి. అది గణాంక కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. పెట్టుబడి మొత్తం పక్కన ఐడీఏ కంపెనీల ఉద్యోగుల సంఖ్య వేయండి. చార్టు కింద ఒక్క లైను చేర్చండి: "ఇందులో కొంత ఫ్యాక్టరీ, కొంత సంతకం." చోటు చాలకపోతే నా ఉత్తరంలో ఏది తీసేసినా ఫరవాలేదు, ఆ లైను మాత్రం ఉంచండి.

ఇట్లు,
మందుల కంపెనీలో పని చేసే ఒక తెలుగు ఉద్యోగిని,
కార్క్, ఐర్లండ్